నల్లమలకు మన సాయం: మొక్కలా, తేనెనా, హక్కు కాగితమా? ఏది మేలు?

కర్నూలులో మేం ఐదుగురు మిత్రులం నెలనెలా కొంత డబ్బు పక్కన పెడతాం. ఏడాదికోసారి అది నల్లమలకు, అక్కడి చెంచులకు పనికిరావాలని మా ఒప్పందం. ఎలా ఖర్చు పెట్టాలన్న దగ్గరే ఏటా వాదన.

మొదట మొక్కలు నాటించాం. ఆగస్టులో నాటినవి ఏప్రిల్‌కల్లా చాలావరకు ఎండిపోయాయి. నీళ్లు పోసేవాళ్లు లేరు. అయినా నల్లమలకు కావలసింది కొత్త మొక్కలు కాదు. నిప్పు, గొడ్డలి పడకుండా చూస్తే మోడే చిగురు వేస్తుంది. ఈ దారిని నేను వదిలేశాను.

రెండోది, వాళ్లు తెచ్చే తేనె, కుంకుడుకాయలు, తపసి జిగురు మంచి ధరకు కొనడం. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956 నుంచి ఉంది, మనమూ కొనొచ్చు. కొండచరియ నుంచి తేనె తీయడం ఎంత ప్రాణాంతకమో తెలిస్తే సీసా దగ్గర బేరమాడబుద్ధి కాదు. తాడు పట్టుకుని బావ లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టేది బావమరిది. తోబుట్టువు తాళి తన చేతిలో ఉందని తెలిసినవాడు తాడు జారనివ్వడని వాళ్ల నమ్మకం. ఇంత చేసినా ఆ ఆదాయం సీజన్ వరకే. పైగా రేపు ఎవరైనా 'ఈ కొండ ఎక్కొద్దు' అంటే తేనె వ్యాపారం అక్కడితో ఆగిపోతుంది.

అందుకే నా ఓటు మూడోదానికి, హక్కు కాగితానికి. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకు గుర్తొచ్చేది 4 హెక్టార్ల వరకు, అంటే దాదాపు పదెకరాల సాగు పట్టా. అదే చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) ఉంది. తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని కాపాడే, నిర్వహించే హక్కు గూడెం మొత్తానిది అంటుంది అది. దానికి నింపాల్సింది ఫారం 'సి'. వాగు ఎక్కడ మలుపు తిరుగుతుంది, తేనె చరియ ఏది, పెద్దల సమాధులు, దేవుడి రాయి ఎక్కడున్నాయి, ఇవన్నీ పటం మీదకు ఎక్కాలి. పెద్దవాళ్లు చెప్పింది రాసిస్తే అదీ సాక్ష్యమే. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. తర్వాత సబ్ డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ. రాసేవాళ్లు, బస్సు ఖర్చులు, జిరాక్సులు, నెలల తరబడి తిరిగే ఓపిక కావాలి. మా డబ్బు సరిగ్గా పనికొచ్చేది ఇక్కడే.

'నల్లమల పులుల అభయారణ్యం కదా, ఇక్కడ ఇది కుదురుతుందా?' అని ఒక మిత్రుడి అనుమానం. కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట పులుల అభయారణ్యంలో సోలిగ ఆదివాసులకు 2011లో సామూహిక హక్కులు గుర్తించారు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గ్రామానికి 2009లోనే 1,800 హెక్టార్ల మీద హక్కు వచ్చింది, తర్వాత వెదురు గ్రామసభే అమ్ముకుంది. బ్రెజిల్‌లో హద్దులు గుర్తించిన ఆదివాసీ భూముల్లో నరికివేత చుట్టుపక్కల కంటే తక్కువ. పులుల కోసం గూడెం ఖాళీ చేస్తే కుటుంబానికి 15 లక్షలు ఇచ్చే పునరావాస ప్యాకేజీ ఉంది. కానీ గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా కదిలించడానికి చట్టం ఒప్పుకోదు. హక్కు రాసి ఉన్న గూడెం ఆ మాట గట్టిగా అడగగలదు.

కాగితం ఏళ్లు పడుతుంది, ఆకలి ఆగదు. ఈ మాట నిజం. అందుకే ఈసారి డబ్బులో రెండు వంతులు హక్కుల పనికి, ఒక వంతు తేనె ముందస్తుగా కొనడానికి పెట్టాం. అభయారణ్యం బేస్ క్యాంపుల్లో కాపలా ఉద్యోగాలు ఇప్పటికే చెంచు యువకులు చేస్తున్నారు, వాళ్లకు పటం గీయడం నేర్పడమూ ఇందులోనే.

ఆత్మకూరు అవతల గూడెంలో హద్దులు ఎప్పుడు నడుద్దామని అడిగితే పెద్దాయన అన్నాడు: "ఆకు రాలినంక రాండి సార్, అప్పుడు రాళ్లు అగుపడతాయి." సంక్రాంతి దాటాక వెళ్తున్నాం.