వేరుపారే విశ్వాసానికి ఒక పాత భక్తి గ్రంథం: ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’ సమీక్ష

భక్తి పుస్తకాల్లో చాలావరకు చదువుతున్నంతసేపు మనసుకు ఊరటనిస్తాయి గానీ, చదివే మనిషిని నిలదీసి అడిగేవి తక్కువ. 1471లో కన్నుమూసిన సన్యాసి థామస్ ఎ కెంపిస్ రచనగా ప్రసిద్ధికెక్కిన ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’ అటువంటి అరుదైన పుస్తకం. పదిహేనవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో లాటిన్‌లో వెలువడిన ఈ గ్రంథంలో నాలుగు భాగాలు, 114 చిన్న అధ్యాయాలు ఉన్నాయి.

తనను వెంబడించేవాడు చీకటిలో నడవడన్న ప్రభువు మాటతో ఆరంభమై, త్రిత్వాన్ని (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒకే దేవుడన్న సిద్ధాంతాన్ని) గురించి ఎంత లోతుగా వాదించగలిగినా దీనత్వం లేకపోతే ఏమి లాభమని మొదటి అధ్యాయంలోనే ప్రశ్నిస్తుంది. వాక్యజ్ఞానం పెరిగేకొద్దీ ప్రార్థన పలచబడుతున్న విశ్వాసికి ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది, నాకూ తగిలింది.

నా దృష్టిలో గ్రంథానికి ప్రాణం మూడవ భాగమే. యాభై తొమ్మిది అధ్యాయాల ఈ భాగం చాలావరకు క్రీస్తుకు, శిష్యునికి మధ్య సంభాషణగా సాగుతుంది. ఆదరణ అనుభవమైనప్పుడు గర్వించకూడదనీ, అది తొలగిపోయినప్పుడు దేవుడు విడిచిపెట్టాడని కుంగిపోకూడదనీ ప్రభువు శిష్యునికి ఓర్పుతో బోధిస్తుంటే, ప్రార్థనలో ఏ స్పందనా కలగని రోజుల్లో కూడా మోకరించడం ఎందుకో అర్థమవుతుంది. విశ్వాసం వేరుపారేది ఇలాంటి ఎండిన రోజుల్లోనే అని నేను గట్టిగా నమ్ముతాను. రెండవ భాగం చివరి రెండు అధ్యాయాలు, పరలోక రాజ్యాన్ని కోరేవారు అనేకులే గానీ సిలువ మోసేవారు కొందరే అన్న బాధతో, ఇందుకు చక్కగా సిద్ధపరుస్తాయి.

వాక్యాలు ఒక వాదాన్ని వరుసగా నడిపించేవి కావు, ఒక్కొక్కటి విడిగా ధ్యానించవలసినవి. అందువల్ల ఏకబిగిన చదివితే చెప్పిందే చెబుతున్నట్టు విసుగు పుడుతుంది. పూటకొక అధ్యాయం చాలు.

లోపం లేకపోలేదు. తోటివారి బలహీనతలను సహించమనే అధ్యాయం ఉన్నప్పటికీ, మఠవాసుల కోసం రాసినందున ఏకాంతానికి ఇచ్చిన చోటు కుటుంబానికి, పొరుగువారి సేవకు దక్కలేదు. ఆ కొరతను సువార్తలే తీర్చాలి.

నాల్గవ భాగం ప్రభువు బల్లను, అంటే క్రీస్తును స్మరిస్తూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే సంస్కారాన్ని గురించినది. కొన్ని ప్రొటెస్టెంట్ ప్రచురణలు దీన్ని వదిలివేశాయి గనుక, కొనేముందు నాలుగు భాగాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. రచయిత లేఖన వచనాలను తన మాటల్లో కలిపివేస్తాడు కాబట్టి, వాటి ఆధారాలను పుట అడుగున చూపిన ప్రతి దొరికితే మరీ మంచిది.