సెకండ్‌హ్యాండ్ 150 సీసీ: ఇంజిన్ బంగారం, ట్యాంకు మూత శని

పాత బండి కొనేటప్పుడు అందరం ఇంజిన్ సౌండు వింటాం, పొగ చూస్తాం, చైన్ లాగి చూస్తాం. పెట్రోల్ ట్యాంకు మూత ఎవరు చూస్తారండీ? తాళం తిరిగితే చాలు. ఈ బండి నన్ను ఏడిపించిందంతా ఆ మూత దగ్గరే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదు. అమ్మేముందు దానికి పాలిష్ కొట్టినవాళ్లది.

2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు, అంటే పాత కాలుష్య ప్రమాణాలతో తయారైనవి, అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పాక, మార్చి ఆఖర్లో షోరూముల వాళ్లు స్టాకంతా డిస్కౌంటుకి వదిలించుకున్నారు, గుర్తుందా? ఆ గోలలో అమ్ముడుపోయిన బండి ఇది. కార్బురేటర్, కిక్ రాడ్డు, రిజర్వ్ నాబ్, కావాలంటే ఆపుకోగలిగే హెడ్‌లైటు. నాకు సరిగ్గా ఇలాంటిదే కావాలి. విజయవాడలో ఒక పాత బండ్ల షాపులో దొరికింది. ట్యాంకులో మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు.

కొత్తలో బయటపడ్డ రోగాలు మామూలువే. హ్యాండిల్ తిన్నగా రాగానే గాడిలో పడ్డట్టు పట్టేసేది, కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు) మార్పించాను. ముందు ఫోర్కు ఒకటి ఆయిల్ కారుతుంటే రెండు వైపులా సీళ్లు వేయించాను. చైన్ సెట్ ఎలాగూ తప్పదు. మీటర్ 28 వేలు చూపిస్తోంది గానీ, ఫుట్‌రెస్టు రబ్బర్లు, బ్రేక్ పెడల్ అరిగిన తీరు చూస్తే ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. ఇవన్నీ ఊహించినవే, బేరంలోనే తగ్గించుకున్నాను. కాగితాల దగ్గర మాత్రం గట్టిగా నిలబడ్డాను. ఆర్సీ మీద పాత ఓనరు ఫైనాన్స్ ఇంకా కనిపిస్తోంది. పేరు మార్పుకి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అయిపోయాయిగా అంటాడు షాపాయన. ఆర్సీ మీంచి ఫైనాన్స్ తీయించే ఫారం 35, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బులిచ్చాను.

ఇక అసలు కథ. ఊళ్లో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎంతసేపు తిరిగినా చిన్న దగ్గు కూడా ఉండదు. గుంటూరు బయల్దేరితే చాలు, వారధి దాటి, మంగళగిరి దాటి, కాజ టోల్‌గేటు దగ్గర పడేసరికి ముందు యాక్సిలరేటర్‌కి స్పందన తగ్గుతుంది, తర్వాత రెండు కుదుపులు, ఆపైన మౌనం. కిక్ కొట్టి కొట్టి కాలు పీకుతుంది. విసుగొచ్చి చెట్టు నీడకి చేర్చి కాసేపు కూర్చుంటే, ఏమీ ఎరగనట్టు ఒక్క కిక్కుకి స్టార్టవుతుంది. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు ఇంకా ముందే ఆగేది. దాంతో బంకువాణ్ణి కూడా అనుమానించాను పాపం.

ఒక మెకానిక్ ప్లగ్ మార్చాడు. ఇంకొకాయన కాయిల్ అన్నాడు, అదీ మార్చాం. కార్బురేటర్ విప్పి కడిగారు, జెట్లు ఊదారు. ఊళ్లో ట్రయల్ వేస్తే బండి బాగానే ఉంటుంది కదా, "చూశారా సార్, సెట్టయిపోయింది" అని డబ్బులు తీసుకుంటారు. చివరికి ఒకాయన ఇథనాల్ పెట్రోల్ వల్లే అని తేల్చేశాడు. ఈ మధ్య ఏ బండి ఆగినా దాని నెత్తినే వేస్తున్నారు. ఈ-20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి) తయారవని పాత బండ్లలో రబ్బరు సామాను త్వరగా పాడవుతుందన్నది నిజమే కావచ్చు. కానీ పెట్రోలే దోషమైతే, కాసేపు కూర్చోగానే ఆ పెట్రోల్‌తోనే ఎలా పరిగెడుతుంది?

తేల్చింది కాజ దగ్గర ఒక పంక్చర్ షాపు పెద్దాయన. నేను తోసుకుంటూ వస్తుంటే చూసి, "ఆగగానే మూత తీసి చూశావా బాబూ?" అన్నాడు.

"పెట్రోల్ ఉంది బాబాయ్, పొద్దునే కొట్టించా."

"పెట్రోల్ కాదయ్యా, మూత తియ్యి."

తాళం తిప్పి మూత ఎత్తగానే లోపలికి గాలి పీల్చుకున్న శబ్దం, స్స్‌స్ మని. ఆయన చేత్తోనే కిక్ కొట్టాడు. స్టార్ట్.

ఈ రకం బండ్లలో పెట్రోల్ తోయడానికి పంపు ఉండదు. ట్యాంకు పైన, కార్బురేటర్ కింద, తన బరువుతో తానే దిగాలి. దిగినంత మేర ట్యాంకులోకి గాలి రావాలి. ఆ గాలి వచ్చేది మూతలో ఉండే సన్నటి రంధ్రంలోంచి. నా మూత రంధ్రంలో పాలిష్ పేస్టు దూరి, ఎండి తెల్లగా గట్టిపడిపోయింది. పూర్తిగా మూసుకుపోలేదు, అదే తిప్పలంతా తెచ్చింది. ఊళ్లో మెల్లగా తాగుతుంటే ఆ కాస్త గాలి సరిపోయేది. హైవే మీద అరవైలో పట్టుకుంటే చాలేది కాదు. ఆగి కూర్చుంటే మెల్లగా గాలి నిండి మళ్ళీ బతికేది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, కాబట్టి ఇంకా తొందరగా బిగుసుకునేది. పెద్దాయన పాత క్లచ్ కేబుల్‌లోంచి ఒక పోగు లాగి, రంధ్రంలో ఆడించి ఊదాడు. తెల్లపొడి రాలింది. డబ్బులిస్తే టీకి మాత్రం తీసుకున్నాడు.

అక్కడితో అయిపోలేదు. మూత చుట్టూ ఉండే పల్లంలో వాననీళ్లు కిందికి పోవడానికి ఇంకో రంధ్రం ఉంటుంది. అదీ పాలిష్‌తో పూడిపోయింది. వానాకాలమంతా మూత చుట్టూ నీళ్లు నిలిచి, ముసలి వాషరు సందులోంచి లోపలికి దిగాయి. కార్బురేటర్ కింద స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులో పడితే, పైన పెట్రోల్, అడుగున తుప్పురంగు నీళ్లు విడిగా కనిపించాయి. ట్యాంకు విప్పి కడిగించి, వాషరు మార్పించాను. ట్యాంకు మళ్ళీ పాలిష్ చేయమంటారా అని అడిగాడు మెకానిక్. ఒక దండం పెట్టాను.

ఇప్పుడు గుంటూరు దాకా ఆగకుండా పోతోంది. మైలేజీ 50 అని నేను స్నేహితులకి చెప్పిన మాట ఒకటుంది, అది చలికాలం పొద్దున్నే ఒంటరిగా వెళ్లినప్పటి సంగతి. ఊళ్లో 42 దాటితే గొప్ప. సగం కిక్కుకే లేస్తుందన్నదీ నిజమే, చోక్ వేయడం మర్చిపోకపోతే.

కొనుక్కోవచ్చా అంటే, నా మటుకు నాకు బేరం నష్టం కాలేదు. ఆటోనగర్ నాకు దగ్గర, రోజూ ఆఫీసుకి పోయే దూరం తక్కువ, బండి ఒక పూట మెకానిక్ దగ్గరుంటే బస్సుంది. రాత్రి షిఫ్టులు చేసి హైవే మీద ఒంటరిగా వచ్చేవాళ్లయితే ఇంత పాతది వద్దనే అంటాను. ఫ్యూయల్ గేజీ ఇంకా పనిచేయడం లేదు. దానికోసం మళ్ళీ ట్యాంకు దింపించే ఓపిక లేక, రిజర్వ్‌లో పడినప్పుడల్లా బంకు వెతుక్కుంటున్నాను.