శుక్లాల ఆపరేషన్‌కి ఖరీదైన లెన్స్ మాట్లాడుకునే ముందు రెటీనా చూపించండి: మా అమ్మకి జరిగింది ఇదీ

ఇంట్లో పెద్దవాళ్లకి శుక్లాల ఆపరేషన్ చేయించబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. "గీతలు వంకరగా కనిపిస్తున్నాయి", "ఎదుటి మనిషి మొహమే మసగ్గా ఉంది" అని వాళ్లు అంటుంటే మాత్రం అడ్వాన్స్ కట్టకముందే చదవండి.

అమ్మకి 71 ఏళ్లు, గుంటూరు దగ్గర పల్లెలో ఉంటుంది. రెండు కళ్లలోనూ పొర వచ్చిందని ముందే తెలుసు. ఆపరేషన్‌కి రెండు నెలల ముందు నుంచి ఒక మాట అంటూ ఉండేది: "కుడికంటితో చూస్తే కిటికీ చువ్వలు మధ్యలో వంగినట్టున్నాయే." పొర ముదిరితే అలాగే ఉంటుందిలే అనుకున్నాం. నేను చేసిన పెద్ద తప్పు అదే. పొర వస్తే చూపు మసకబారుతుంది, వెలుతురు చెదిరి కళ్లు జిగేల్‌మంటాయి. అంతేగానీ తిన్నగా ఉన్న చువ్వ వంగి కనిపించదు. అలా కనిపిస్తోందంటే రెటీనా (కంటి వెనక, బొమ్మ పడే తెర) నడిమి భాగంలో, అంటే మాక్యులాలో ఏదో తేడా ఉందని అనుమానించాలట.

మేం వెళ్లిన ఆసుపత్రిలో బీపీ, షుగర్ చూశారు, లెన్స్ పవర్ కోసం కంటి కొలతలు తీశారు. డాక్టరుగారు పొర బాగా ముదిరిందని చెప్పి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి లెన్సుల రేట్ల కార్డు ముందు పెట్టింది. మామూలు లెన్స్ ప్యాకేజీ 22 వేలు, దూరానికీ దగ్గరికీ రెండిటికీ పనిచేసే మల్టీఫోకల్ 68 వేలు. "ఇది వేయించుకుంటే ఇక కళ్లజోడుతో పనే ఉండదు, సూదిలో దారం కూడా మీరే ఎక్కించుకోవచ్చు మామ్మా" అంది. చువ్వల సంగతి నేను చెప్పాను. "పొర తీసేస్తే అన్నీ సర్దుకుంటాయండీ" అన్నారు. అమ్మకి మంచిదే వేయించాలని 68 వేలు కట్టేశాను. రెటీనా లోపలి తేడాలు చూపించే ఓసీటీ స్కాన్ అనే మాట ఎవరి నోటా రాలేదు.

కుడికంటికి ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పగానే అమ్మ తన చీర కొంగు పట్టుకుని చూసుకుంది. "ఇది ఇంత పచ్చగా ఉంటుందని మర్చిపోయానే" అని మురిసిపోయింది. తర్వాత నా వైపు తిరిగి కాసేపు చూసి, "నీ బొట్టు కనపడట్లేదమ్మా" అంది. చువ్వలు ఇంకా వంకరగానే ఉన్నాయి. పైగా రాత్రిపూట వీధిలైటు చుట్టూ వలయాలు మొదలయ్యాయి. అడిగితే మెదడు కొత్త లెన్సుకి అలవాటు పడాలి, మూడు నెలలు ఓపిక పట్టండి అన్నారు.

ఆరు వారాలు ఓపిక పట్టి, ఇక టెన్షన్ తట్టుకోలేక విజయవాడలో రెటీనా డాక్టరుకి చూపించాం. చుక్కలు వేసి ఓసీటీ తీశారు. సూది లేదు, నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని. మాకైన ఖర్చు 1,200. రెండు కళ్లలోనూ వయసుతో వచ్చే మాక్యులా జబ్బు, ఏఎండీ ఉంది. ఎడమ కంట్లో డ్రై రకం, అంటే నీరు కారనిది. కుడికంట్లో వెట్ రకం, అంటే రెటీనా అడుగున కొత్తగా పుట్టిన బలహీనమైన రక్తనాళాలు కారి నీరు చేరింది. దీనికి కంట్లోకే ఇంజక్షన్లు ఇవ్వాలి. మొదట నెలకొకటి చొప్పున మూడు ఇచ్చారు, తర్వాత స్కాన్ చూసుకుంటూ ఇస్తున్నారు. ఆపరేషన్ వల్లే ఇది వచ్చిందని ఆయన అనలేదు, నేనూ అనను. కానీ ఇందులో ఆలస్యమయ్యేకొద్దీ మచ్చ పడుతుంది, మచ్చ పడినచోట పోయిన చూపు తిరిగి రాదు. చువ్వలు వంగాయని చెప్పిన రోజే స్కాన్ తీసి ఉంటే మూడు నెలలకు పైగా కలిసొచ్చేవి.

లెన్స్ విషయం కూడా ఆయనే విడమరిచి చెప్పారు. మల్టీఫోకల్ లెన్స్ కంట్లోకొచ్చే వెలుతురుని దూరానికి కొంత, దగ్గరికి కొంత పంచుతుంది. దాంతో కాంట్రాస్ట్, అంటే ఒకదాన్ని పక్కదాని నుంచి వేరుగా గుర్తించే శక్తి తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న మాక్యులా ఆ తేడాని సర్దుకోగలదు. ఏఎండీ ఉన్న కంటికి అసలే కాంట్రాస్ట్ తక్కువ, తెల్ల పళ్లెంలో పెరుగన్నం ఎక్కడుందో తెలియని పరిస్థితి. అలాంటి కంటికి సాధారణంగా ఒకే దూరానికి పనిచేసే మామూలు లెన్సే (మోనోఫోకల్) మేలట. పోనీ తీసి మార్చేద్దామంటే అది మళ్లీ ఇంకో ఆపరేషన్, దాని రిస్క్ దానికుంది. అందుకే అలాగే ఉంచేశాం.

ఇది చదివి ఏఎండీ ఉన్నవాళ్లు ఆపరేషనే వద్దనుకోకండి, అది ఇంకా పెద్ద పొరపాటు. అమెరికాలో జరిగిన అరెడ్స్2 అధ్యయనంలో ఏఎండీ ఉన్నా శుక్లాల ఆపరేషన్ తర్వాత చూపు మెరుగైందని తేలింది. మా ఇంట్లోనూ చూశాం. కుడికన్ను కుదుటపడ్డాక ఎడమ కంటికి మామూలు లెన్స్ వేయించాం, రెటీనా డాక్టరు సరేనన్న తర్వాతే. ఎంతవరకు చూపు వస్తుందో, ఏది రాదో ముందే చెప్పారు. ఇప్పుడు అమ్మ మెట్లు ధైర్యంగా దిగుతోంది, బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చదవడానికి కళ్లజోడు, మంచి లైటు కావాలి.

కాబట్టి మీరు వెళ్లినచోట "మాక్యులా చూశారా, ఓసీటీ తీశారా" అని నోరు తెరిచి అడగండి. పొర మరీ దట్టంగా ఉంటే స్కాన్ సరిగ్గా రాకపోవచ్చు. అప్పుడు లోపల రెటీనా ఎలా ఉందో తెలియదనే మాట డాక్టరు చేత చెప్పించుకోండి. అలా తెలియనప్పుడు మల్టీఫోకల్ జోలికి పోకండి. వెట్ రకం ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకుని, ఆపరేషన్ ఎప్పుడనేది రెటీనా డాక్టరుని అడగండి. రెండు కళ్లకీ కలిపి ప్యాకేజీ అంటే ఒప్పుకోకండి. ఏ లెన్స్ వేశారో తెలిపే స్టిక్కర్ ఉన్న కార్డు, స్కాన్ రిపోర్టులు అడిగి తీసుకోండి. మా మొదటి ఫైల్లో ఆ స్టిక్కర్ లేదు, దానికోసం మూడుసార్లు తిరిగాను.

అమ్మ ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక్కో కన్ను అరచేత్తో మూసుకుని అదే కిటికీ వైపు చూస్తుంది. చువ్వల్లో ఏ కాస్త తేడా కనిపించినా ఆ రోజే నాకు ఫోన్ చేయమన్నాను.