చంచల్‌గూడ జైలు పెట్రోలు బంకు: వెళ్ళండి, మీటరు మాత్రం చూసుకోండి

నిజాం కాలం నాటి ఆ జైలు పక్కనే ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు కూడా గోడే తప్ప లోపలి మనుషులు కనబడేవారు కాదు. జైళ్ళ శాఖ బంకు తెరిచాక మలక్‌పేట, సైదాబాద్ జనం వాళ్ళ చేత్తోనే పెట్రోలు కొట్టించుకుంటున్నారు. సత్ప్రవర్తనతో నమ్మకం సంపాదించిన శిక్షా ఖైదీలు, శిక్ష ముగించుకుని బయటికొచ్చినవాళ్ళు ఇక్కడ పనిచేస్తారు. విచారణ ఖైదీలను పెట్టరు. జైలుకెళ్ళొచ్చాడంటే అద్దెకు ఇల్లు కూడా ఇవ్వని ఊళ్ళో, పదిమందీ చూసేచోట చేసే ఈ పనికి జీతాన్ని మించిన విలువ ఉంది.

కొలత సంగతి. డీలరు జైళ్ళ శాఖే కాబట్టి, తక్కువ కొట్టి మిగుల్చుకునే సొంత యజమాని లేడు. అయినా ఏ బంకులోనైనా చూసుకోవాల్సినవి చూసుకోవాల్సిందే. గన్ను ట్యాంకులో పెట్టే ముందు మీటరు సున్నాకి రావాలి. అనుమానమొస్తే తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల డబ్బాలో కొట్టి చూపించమనండి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. కల్తీ చూడాలంటే ఫిల్టర్ పేపర్ అడగండి. గన్ను మూతి శుభ్రంగా తుడిచి కాగితం మీద ఒక్క చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. లేత గులాబీ ఛాయ మిగిలితే భయపడకండి, అది పెట్రోలుకు వేసిన రంగు. మూతి తుడవకపోతే మాత్రం దానికంటుకున్న మురికే మరకై, మంచి పెట్రోలునూ కల్తీలా చూపిస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. జాలిపడి ఖైదీ చేతిలో నోటు, బీడీ కట్ట, చీటీ పెట్టకండి. “ఒక్క ఫోన్ చేసుకో తమ్ముడూ” అని సెల్ అందించకండి. 1894 నాటి జైళ్ళ చట్టం ప్రకారం నిషేధించినది ఖైదీకి అందించడం నేరం. పట్టుబడితే అతను సంపాదించుకున్న శిక్ష తగ్గింపు రోజులు కూడా పోవచ్చు. మీ మంచితనం అతన్ని ఇంకొన్నాళ్ళు లోపలే ఉంచుతుంది. పేరు పెట్టి పలకరించండి, బిల్లు తీసుకోండి, చాలు.

ములాఖత్‌కు జిల్లాల నుంచి తెల్లవారుజామునే బస్సు దిగే కుటుంబాలకూ ఒక మాట: బంకుల్లో తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. బండి లేకపోయినా మొహమాటపడకుండా అడగండి.