ఫుల్ ట్యాంక్ కొట్టించి అమ్మిన కారు: కొనేవాళ్లు జాగ్రత్త

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాడు "మీ కోసం ఫుల్ ట్యాంక్ కొట్టించి ఇస్తున్నా సార్" అంటే పొంగిపోకండి. నేను పొంగిపోయాను. అసలు రోగం కనబడకుండా చేసింది ఆ ఫుల్ ట్యాంకే.

ఫిబ్రవరిలో హైదరాబాద్ శివారులోని ఒక యార్డ్‌లో 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. మూడు లక్షల అరవై వేలు. మీటర్‌లో 58 వేల కిలోమీటర్లు. టైర్లు చూశాను, క్లచ్ చూశాను, డెంటింగ్ ఏమన్నా ఉందేమోనని డోర్ల అంచులు తడిమి చూశాను. టెస్ట్ డ్రైవ్‌లో బండి వెన్నలా నడిచింది. ట్యాంక్ నిండా పెట్రోల్ ఉంది కదా, నడవక ఏం చేస్తుంది!

మొదటి రెండు వారాలు ఏ గొడవా లేదు. నాకు ఫుల్ కొట్టించే అలవాటు లేదు, వెయ్యి రూపాయలకు కొట్టించి నాలుగు రోజులు నెట్టుకొస్తాను. ట్యాంక్‌లో పెట్రోల్ సగం కిందికి దిగాక మొదలైంది గోల. ఆఫీసుకు వెళ్తుంటే బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ వంపులో ఒక్క జర్క్. రెండు రోజులయ్యాక అదే చోట ఇంకా గట్టిగా. యాక్సిలరేటర్ తొక్కుతుంటే పికప్ రాలేదు, మిస్సింగ్ కొట్టింది, ఇంజిన్ లైట్ వెలిగింది.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు నేను చేసిన తెలివైన పని ఏంటంటే, దారిలో బంక్‌లో ఆగి పెట్రోల్ కొట్టించడం. ఇంకేముంది, ఆయన ట్రయల్ వేస్తే బండి బ్రహ్మాండంగా నడిచింది. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెడితే పీ0171 అని కోడ్ వచ్చింది. ఇంజిన్‌కి అందుతున్న గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదని దాని అర్థం. ఆయన మాత్రం "పాత బండికి ఇవి మామూలే" అని కోడ్ చెరిపేసి, ప్లగ్గులు, ఒక కాయిల్ మార్చాడు. నాలుగు వేల రెండొందలు. దండగ.

మార్చి నెలాఖర్లో అమ్మని శ్రీశైలం తీసుకెళ్లాను. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటేటప్పటికి పెట్రోల్ మీటర్‌లో మూడు గీతలు ఉన్నాయి. దర్శనం అయ్యాక కొట్టిద్దాం అనుకున్నాను. దోమలపెంట దాటి, డ్యామ్ కింద వంతెన వైపు ఘాట్ దిగుతున్నాం. గీతలు రెండుకొచ్చాయి, రిజర్వ్ లైట్ ఇంకా వెలగలేదు. ఎడమ వైపు తిరిగే ఒక మలుపులో ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోతుంది. బ్రేక్ మొదటిసారి మామూలుగానే పడుతుంది. బ్రేక్ తొక్కుకి బలమిచ్చే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. నేను కంగారులో తొక్కి వదిలాను, మళ్లీ తొక్కాను. రెండోసారికి పెడల్ గట్టిపడింది, మూడోసారి గోడని తన్నినట్టుంది. వదలకుండా ఒకే తొక్కు తొక్కి పట్టి ఉంచాల్సింది. సెకండ్ గేర్‌లో ఉండటం, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగడం వల్ల పక్క గోడకి ఒక గజం ముందు ఆగాం. వెనక సీట్లోంచి అమ్మ "మల్లన్నా, మల్లన్నా" అంటూనే ఉంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. చుట్టూ పులుల అడవి, ఆ సంగతి అమ్మకి గుర్తు చేయలేదు.

సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ స్టార్ట్ కావట్లేదు. వెనకే వస్తున్న ఆర్టీసీ బస్సు ఆగింది. యాభై దాటిన డ్రైవర్ దిగి, బానెట్ వైపు కూడా చూడకుండా నన్ను అడిగిన మొదటి మాట, "ట్యాంక్‌లో ఎంతుంది బాబూ?"

రెండు గీతలు ఉన్నాయన్నాను. "వెనక సీటు మీద చెవి పెట్టు, నేను తాళం తిప్పుతా" అన్నాడు. తాళం ఆన్ చేయగానే సీటు కింద ట్యాంక్‌లో ఉండే పెట్రోల్ పంపు రెండు సెకన్లు సన్నగా గుయ్‌మనాలట. నాకు వినిపించింది గరగర, నీళ్లు అయిపోయిన బావిలో మోటార్ తిరిగినట్టు. "పెట్రోల్ ఉంది గానీ ముందుకి పోయింది, నీ పంపు గాలి పీలుస్తోంది" అన్నాడు. నాలుగు వేలు తీసుకున్నవాడికి అందని విషయం ఆయనకి నాలుగు నిమిషాల్లో అందింది. బైక్ మీద వెళ్తున్న ఒక కుర్రాడు పైకెళ్లి క్యాన్‌లో ఐదు లీటర్లు తెచ్చి పోశాడు. ఆరేడుసార్లు తాళం ఆన్, ఆఫ్ చేశాక బండి స్టార్ట్ అయింది. తిరుగు ప్రయాణమంతా ఫుల్ ట్యాంక్‌తో, ఏ జర్కూ లేదు.

హైదరాబాద్ వచ్చాక మా బావమరిదికి తెలిసిన మెకానిక్ దగ్గర వెనక సీటు లేపించాను. కింద గుండ్రటి మూత. దాని చుట్టూ సిలికాన్ పేస్ట్ పూసి ఉంది. అది చూడగానే ఆయన నవ్వి, "ఎవరో ముందే విప్పారు సార్" అన్నాడు. పంపు బయటికి తీస్తే కంపెనీ మోటార్ కాదు, లోకల్ మోటార్‌ని ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టేశారు. పంపు చుట్టూ ఒక ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది. మలుపుల్లో, ఎత్తుపల్లాల్లో ట్యాంక్‌లోని పెట్రోల్ ఓ పక్కకి ఒరిగినా పంపు నోటికి పెట్రోల్ అందాలనే ఆ గిన్నె పెడతారు. నా బండిలో దాని అడుగు పగిలింది, ఏదో జిగురుతో అతికిస్తే పెట్రోల్‌కి నాని ఊడిపోయింది. ట్యాంక్ సగం పైన ఉన్నంతసేపు గిన్నె మొత్తం పెట్రోల్‌లో మునిగే ఉంటుంది కాబట్టి పగులు ఉన్నా తేడా తెలియదు. కిందికి దిగాక మాత్రం గిన్నె ఖాళీ, పంపుకి అందేది గాలే.

అలా గాలి పీల్చి పీల్చి మోటార్ వైర్లు కూడా కమిలాయి. పంపుని చల్లార్చేది దాని లోపలినుంచి పారే పెట్రోలే, అది అందకపోతే వేడెక్కి చస్తుంది. కొత్త పంపు అసెంబ్లీ, లేబర్ కలిపి 8,600 అయ్యాయి. ఆ తర్వాత కావాలనే ఒక్క గీత మిగిలేదాకా తిప్పి, అదే ఫ్లైఓవర్ మీద నాలుగుసార్లు తిరిగాను. ఎక్కడా చిన్న దగ్గు కూడా రాలేదు.

యార్డ్‌కి ఫోన్ చేస్తే, "రిజర్వ్‌లో తిప్పితే ఏ బండైనా ఆగుద్ది సార్, అడుగున మడ్డంతా లాగేస్తుంది" అన్నాడు. ఈ మడ్డి కథ అందరూ చెప్తారు. కానీ పంపు జల్లెడ ఎప్పుడూ ట్యాంక్ అడుగునే ఉంటుంది, ట్యాంక్ నిండా ఉన్నా లాగేది అక్కడినుంచే. నిత్యం రిజర్వ్‌లో తిప్పడం పంపుకి మంచిది కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కానీ బాగున్న బండి రెండు గీతల దగ్గర మలుపులో ఆగిపోదు. రసీదులో "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం" అన్న లైన్ గుర్తు చేసి ఫోన్ పెట్టేశాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని రూల్ ఉంది. ఆ కాగితం అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు, మీరు డబ్బు కట్టేముందే అడగండి.

ఇంకో మాట, మీరు చూసే బండిలో ట్యాంక్ నిండా ఉంటే, సగం కన్నా తగ్గాకే ఫైనల్ ట్రయల్ వేస్తానని చెప్పండి. కుదరదంటే ఆ బండి వదిలేయండి. తగ్గాక ఎక్కడైనా ఫ్లైఓవర్ ఎక్కించి దింపండి, ఖాళీ గ్రౌండ్ ఉంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా రెండు చుట్లు కొట్టండి. తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టడానికి సిగ్గుపడొద్దు. చాలా పెట్రోల్ బండ్లలో మూత అక్కడే ఉంటుంది, కొన్నిటిలో ట్యాంక్ దింపితే తప్ప కనబడదు. సీటు లేపనిస్తే స్క్రూల మీద గీతలు, కొత్తగా పూసిన పేస్ట్ ఉన్నాయేమో చూడండి. స్కానర్ పెట్టిస్తే ఇప్పుడున్న కోడ్‌లే కాదు, ఈమధ్య కోడ్‌లు చెరిపారా అన్నది కూడా అడగండి. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లలో తెలుస్తుంది.

డీజిల్ బండి కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ హై ప్రెషర్ పంపుకి గ్రీజూ నూనే అన్నీ డీజిలే. గాలి పీలిస్తే పైపుల్లో గాలి ఇరుక్కుని ఎయిర్ లాక్ అయ్యి హ్యాండ్ పంపుతో గాలి తీయించుకోవాలి, అది చిన్న బాధ. పంపు అరిగి ఇనుపరజను ఇంజెక్టర్లలోకి పోయిందంటే బిల్లు నాలాగా వేలల్లో ఆగదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. పగిలిన గిన్నె, ట్యాగ్ కట్టిన మోటార్ కవర్లో వేసి దాచాను, మెకానిక్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో కూడా ఉంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి యార్డ్ పేరు ఇక్కడ రాయట్లేదు.