ఆపకుండా రాయడమా, డైరీ రాయడమా?

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, తిరుపతిలోనే గది అద్దెకు తీసుకొని పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న యువకుడు తనకు నిజంగా ఏ ఉద్యోగం కావాలో తేల్చుకోదలిస్తే, డైరీ కన్నా ఆపకుండా రాసే పద్ధతే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. డైరీ జరిగినదాన్ని తేదీల వారీగా భద్రపరుస్తుంది. ఆరు నెలల తర్వాత సరిచూసుకోవడానికి దానికి సాటి లేదు. అయితే అందులో రాసేవాడు తెలియకుండానే మర్యాదస్తుడవుతాడు; ఇంట్లో ఎవరైనా చదువుతారేమోనన్న బెరుకు సరేసరి.

రెండో పద్ధతిలో పది నిమిషాలు గడియారం పెట్టుకొని, తప్పులు దిద్దకుండా, ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అనే రాస్తూ, కలం ఆపకుండా సాగాలి. దిద్దే బుద్ధికి తీరిక దొరకదు గనుక, నాన్నగారి కోరికకూ తన కోరికకూ మధ్య ఉన్న తేడా వంటివి కాగితం మీదికి వచ్చేస్తాయి. అందులో చాలా భాగం చెత్తే. మరునాడు చదివి, పదేపదే వచ్చిన మాటల కింద గీత గీసుకుంటే చాలు.

అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. బాధాకరమైన అనుభవాలను, వాటి వెనుక ఉన్న భావాలతో సహా రాసినవారికి వెంటనే మనసు బరువెక్కినా, తర్వాతి నెలల్లో వారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ బరువును దృష్టిలో పెట్టుకొని, దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నవారు డైరీతోనే మొదలుపెట్టడం మంచిది.