మెంఫిస్‌లో ఒక్క పూటే ఉంటే గ్రేస్‌ల్యాండ్ వద్దు

అమెరికాలోని మెంఫిస్ వెళ్తున్నామంటే అందరూ గ్రేస్‌ల్యాండ్ చూడమనే చెప్పారు. రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1957లో కొన్న బంగళా అది. టికెట్ బాగా ఖరీదు, పార్కింగ్ అదనం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని వరసలో నడవాలి. జంగిల్ రూమ్‌లో పైకప్పుకి కూడా పచ్చ కార్పెట్ అంటించారు. "దీని దుమ్ము ఎవరు దులుపుతారో పాపం!" అంది అత్తయ్య. వైభవం చూశాం సరే, పాట ఎక్కడ పుట్టిందో మాత్రం అక్కడ తెలియదు.

అది తెలియాలంటే యూనియన్ అవెన్యూలోని సన్ స్టూడియోకి వెళ్లాలి. ముక్కాలు గంటలో చూపించేస్తారు. శామ్ ఫిలిప్స్ 1950లో తెరిచిన ఆ రికార్డింగ్ గది మన పెళ్లివారి విడిది గదికన్నా పెద్దదేం కాదు. 1951లో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి వస్తుంటే దారిలో గిటార్ యాంప్లిఫయర్ దెబ్బతింది. చిరిగిన స్పీకర్‌లో కాగితాలు కుక్కి వాయిస్తే గరగరమని మోగింది. ఫిలిప్స్ ఆ గరగరనే ఉంచేశాడు. ఆ పాట, 'రాకెట్ 88', గైడ్ వినిపించినప్పుడు అత్తయ్య కాలు దానంతటదే ఆడింది. తొలి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని అక్కడ ఘంటాపథంగా చెబుతారు. నేనంత గట్టిగా చెప్పలేను. 1940లలోనే రోసెట్టా థార్ప్ అనే గాయని చర్చి పాటలకి ఎలక్ట్రిక్ గిటార్ అదరగొట్టింది కదా!

1954 జులైలో ఎల్విస్ 'దట్స్ ఆల్ రైట్' పాడింది ఈ గదిలోనే. రెండు గిటార్లు, ఒక బాస్, డ్రమ్స్ అసలు లేవు. అయినా ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు. ఆ పాట ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడిది. ఆయనకి రావాల్సిన రాయల్టీ బతికుండగా సరిగా అందనేలేదు. ఈ సంగతి తెలిశాక బంగళా మీద మోజు ఇంకాస్త తగ్గింది.

బసకి ఎయిర్‌పోర్టు దగ్గర చవకని ఒక మోటెల్ తీసుకుంటే గదంతా సిగరెట్ కంపు. మర్నాడే డౌన్‌టౌన్‌కి మారాం. డబ్బు ఎక్కువైనా బీల్ స్ట్రీట్‌కి నడిచిపోవచ్చు, రాత్రి గుమ్మం గుమ్మానికీ ఒక బ్యాండు. శాకాహారులు మాత్రం పులిహోర కట్టుకెళ్లండి. ఊరంతా బార్బెక్యూ, మాకు దక్కింది ఫ్రైస్, కోల్‌స్లా.

మార్టిన్ లూథర్ కింగ్‌ని 1968లో కాల్చిచంపిన లొరేన్ మోటెల్ ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. దానికి సగం రోజైనా పెట్టుకోండి, గ్రేస్‌ల్యాండ్ చూసే రోజు మాత్రం వద్దు.